గెలాక్సీల ఆకారం వాటి వయసును చెబుతుందా?

ప్రశ్న: పాత ఖగోళశాస్త్ర పుస్తకం ఒకదానిలో గెలాక్సీలను వరుసగా పేర్చిన పటం చూశాను. ఎడమవైపు ఉన్న దీర్ఘవృత్తాకార గెలాక్సీలను ‘తొలి రకం’ అనీ, కుడివైపు ఉన్న సర్పిలాకార గెలాక్సీలను ‘మలి రకం’ అనీ రాశారు. అంటే మొదటివే కాలక్రమంలో విచ్చుకుని రెండోవిగా మారతాయా?

జవాబు: మారవు. ఆ పటానికి మూలం అమెరికా ఖగోళశాస్త్రవేత్త ఎడ్విన్ హబుల్ 1926లో ప్రచురించిన వర్గీకరణ. ఆ పేర్లు వరుసలోని స్థానాన్ని మాత్రమే సూచిస్తాయని, వాటికి కాలాన్ని ముడిపెట్టడం ప్రమాదమని ఆయన మరుసటి ఏడాదే హెచ్చరించారు. అయినా పేర్లు నిలిచిపోయాయి, వాటిని అంటిపెట్టుకుని ఈ అపోహా నిలిచిపోయింది. నిజానికి మార్పు ఎక్కువగా ఎదురు దిశలోనే జరుగుతుంది.

మహావిస్ఫోటం జరిగిన సుమారు 3,80,000 సంవత్సరాలకు విశ్వం దాదాపు అంతటా ఒకే తీరుగా ఉండేది. ఆనాటి కాంతిలో ఈ చోటికీ ఆ చోటికీ కనిపించే ఉష్ణోగ్రత తేడా లక్షలో ఒక వంతు మాత్రమే. ఏ కాస్త చిక్కగా ఉన్న చోటనైనా, మామూలు పదార్థానికి ఐదు రెట్లకు పైగా ఉన్న కృష్ణపదార్థం (కాంతిని వెలువరించని, కంటికి కనిపించని పదార్థం) తన గురుత్వాకర్షణతో తానే ముద్దకట్టగా, హైడ్రోజన్, హీలియం వాయువులు ఆ ముద్దల్లోకి జారిపోయాయి. ఆకారం తేలేది ఇక్కడే. వాయువు తన వేడిని కాంతి రూపంలో వదిలించుకోగలదు గానీ, తన భ్రమణాన్ని అంత సులువుగా వదిలించుకోలేదు; కనుక కుంచించుకుపోయేకొద్దీ మరింత వేగంగా తిరుగుతూ పళ్లెంలా పరుచుకుంటుంది. సర్పిలాకార గెలాక్సీ అలాంటి పళ్లెమే.

ఇంచుమించు సమాన ద్రవ్యరాశి గల రెండు పళ్లేలు ఢీకొన్నప్పుడు నక్షత్రాలు ఒకదానికొకటి తగలడం దాదాపు ఉండదు, వాటి మధ్య దూరాలు అంత ఎక్కువ. అయితే కక్ష్యలు చెదిరి నలుదిక్కులకూ మళ్లడంతో, దీర్ఘవృత్తాకార గెలాక్సీ మిగులుతుంది. వాయువు కొంత ఒక్కసారిగా నక్షత్రాలుగా మారిపోతుంది. మిగిలినదాన్ని కేంద్రంలోని భారీ కృష్ణబిలం వెలువరించే శక్తి వేడెక్కించి, మళ్లీ చల్లబడకుండా అడ్డుకుంటుంది. కొత్త నక్షత్రాలు పుట్టకపోవడంతో, ఉన్నవాటిలో ఎక్కువ కాలం బతికే ఎర్రనివే మిగులుతాయి. విశ్వమంతటా నక్షత్రాల పుట్టుక సుమారు 1,000 కోట్ల సంవత్సరాల క్రితం ఉచ్చస్థితికి చేరి, ఇప్పుడు అందులో పదో వంతు స్థాయికి పడిపోయింది.

ప్రతి కలయికా ఇలాగే ముగుస్తుందని అనుకోకూడదు. మన పాలపుంత కూడా దాదాపు 1,000 కోట్ల సంవత్సరాల క్రితం తనకన్నా చిన్నదైన ఒక గెలాక్సీని మింగింది. గయా ఉపగ్రహం కొలిచిన నక్షత్ర గమనాల ఆధారంగా 2018లో ఆ సంగతి బయటపడింది. మింగినది చిన్నది కావడం, వాయువు తగినంత మిగలడం వల్ల పాలపుంత పళ్లెంగానే కొనసాగుతోంది. సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలోని ఆండ్రోమెడా గెలాక్సీతో ఢీకొంటే మాత్రం ఈ ఆకారం నిలవకపోవచ్చు. ఆ ఢీ తప్పదని 2012 నాటి లెక్కలు చెప్పాయి; 2025లో ప్రచురితమైన లెక్కల ప్రకారం రాబోయే 1,000 కోట్ల సంవత్సరాలలో అది జరిగే అవకాశం దాదాపు సగమే.