నవల రాస్తున్న బిడ్డకు పెద్దనాన్న ఉత్తరం

బిడ్డా, దీవెనలు.

నువ్వు పంపిన మొదటి అధ్యాయం రెండుసార్లు చదివాను. 1924లో ఉక్రెయిన్‌లోని మొలోచ్నా కాలనీలో తమ పల్లె వదిలి కెనడాకు బయలుదేరిన మెన్నొనైట్ అనే క్రైస్తవ శాఖ కుటుంబం కథ. మన పాలమూరు మెన్నొనైట్ బ్రెదరెన్ సంఘాల పిల్లలు రాయాల్సిన కథే. మిషనరీలు అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు మన నల్గొండకు వచ్చింది ఆ ఉక్రెయిన్ మెన్నొనైట్ల నుంచే కదా.

అయితే నీ కథలో అందరూ భక్తిపరులే, ఎవరికీ భయం లేదు. సంఘం పండుగకు నేనూ ఒకసారి ఇలాంటి నాటకమే రాశాను. అయిపోయాక ఒక అవ్వ నా చెయ్యి పట్టుకుని, "వాళ్ళకు ఒక్కనాడన్న భయం కాలేదా బిడ్డా?" అని అడిగింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వాళ్ళ భయం ఎక్కడుందో చూడు. వాళ్ళు ఆయుధం పట్టని జనం. 1789లో ప్రష్యా నుంచి, అప్పటి రష్యా ఏలుబడిలో ఉన్న ఉక్రెయిన్‌లో ద్నీపర్ నది ఒడ్డుకు వచ్చింది భూమి కోసం, సైన్యంలో చేరనక్కర్లేదన్న హామీ కోసం. 1874లో రష్యా అందరికీ సైనిక సేవ చట్టం పెడితే, ఆ దశాబ్దంలో సుమారు 18,000 మంది ఇళ్ళూ పొలాలూ అమ్ముకుని అమెరికా, కెనడా వెళ్ళిపోయారు. ఉండిపోయినవాళ్ళ మనవల కాలానికి అంతర్యుద్ధం వచ్చింది. 1918-19లో అరాచకవాద నాయకుడు మఖ్నో దళాలు పల్లెల మీద పడుతుంటే, వాళ్ళలో కొందరు ఆత్మరక్షణ దళం కట్టి తుపాకులు పట్టారు.

నీ కథలో పెద్దకొడుక్కి అప్పుడు ఇరవై ఏళ్ళు. వాడేం చేశాడు? తుపాకి గడ్డివాములో దాచి ఆదివారం గుడికి వచ్చాడనుకో. పాస్టరుగారు "ఎడమచెంప కూడ త్రిప్పుము" అని చదువుతుంటే తల్లి వాడి చేతుల వంక చూసిందనుకో. ఆ చూపు నాలుగు పేజీలు రాయి. తొందరపడి వాడికి తీర్పు చెప్పకు.

భూమి లేనివాళ్ళను మరిచిపోకు. అక్కడ ఒక పూర్తి పొలం సుమారు 175 ఎకరాలు, దాన్ని ముక్కలు చేయకూడదని కట్టుబాటు. 1860ల నాటికి పొలం లేని కుటుంబాలే ఎక్కువ, ఊరి సభలో వాళ్ళకు ఓటు కూడా లేదు. మన ఊళ్ళు చూసినదానివి, ఆ బాధ నీకు వేరే చెప్పాలా?

ప్రయాణంలో ఓడను వర్ణిస్తూ కూర్చోకు. అసలు టెన్షన్ డాక్టరు కనురెప్ప తిప్పి చూసే నిమిషంలో ఉంది. ట్రకోమా అనే కంటిజబ్బు ఉంటే కెనడాకు రానిచ్చేవాళ్ళు కాదు. కొందరిని ఇంగ్లాండులో, జర్మనీలో నెలల తరబడి ఆపేశారు. చిన్నపిల్ల ఒక్కతే ఆగిపోతే తల్లి ఓడ ఎక్కుతుందా? పైగా చాలామంది వెళ్ళింది కెనడియన్ పసిఫిక్ రైల్వే ఇచ్చిన అప్పు మీద. అది పూర్తిగా తీరేసరికి 1946 వచ్చింది. దేవుడు కాపాడాడని రాసేముందు ఆ అప్పు కూడా రాయి.

మూటలో త్స్వీబాక్ పెట్టు. పెద్ద బన్ను మీద చిన్న బన్ను కూర్చోబెట్టి కాలుస్తారు. దూర ప్రయాణానికైతే మళ్ళీ పొయ్యిలో ఎండబెట్టి, రస్కుల్లా గట్టిపడ్డాక సంచుల్లో నింపుతారు. బయలుదేరే వారం ఇల్లంతా ఆ వాసనే ఉండాలి.

మాటల విషయం. వాళ్ళు ఇంట్లో లో జర్మన్, గుడిలో హై జర్మన్ మాట్లాడేవారు. మన అమ్మ వంటింట్లో పాలమూరు మాట మాట్లాడి, ప్రార్థనకు మోకరించగానే బైబిల్ తెలుగులోకి మారేది, గుర్తుందా? నీ తల్లి పాత్రకు కూడా అట్లా రెండు గొంతులు ఇయ్యి.

క్రిస్మస్‌కు వచ్చేటప్పుడు రెండో అధ్యాయం తీసుకురా. కొట్టివేతలున్నా పర్వాలేదు. నా కళ్ళు సరిగా ఆనడం లేదు, నువ్వే చదివి వినిపించాలి.

మీ పెద్దనాన్న