డీటీపీకి ఏ స్క్రిప్టు ఇచ్చావు?

తెనాలి

అమ్మాయ్,

ఆశీస్సులు. పరిషత్తు నాటక పోటీల్లో నీ నాటిక ఆడి రెండు నెలలైనా కాలేదు, అప్పుడే అచ్చుకెళుతోందంటే చాలా సంతోషం. నువ్వు ఎదురుగా లేవని మా ఆవిడ బెల్లం ముక్క తెచ్చి నా నోట్లో పెట్టింది. "ఏమైనా చెప్పండి మాస్టారూ" అన్నావు గానీ, అంత సంబరంలో ఉన్నప్పుడు ఫోన్లో చెబితే చెవికెక్కదు. అందుకే రాస్తున్నా.

డీటీపీకి ఏ స్క్రిప్టు ఇచ్చావు? పోటీకి పంపిన ఫైలే అయితే వెనక్కి తెప్పించు. నీ నాటిక ఇప్పుడు అందులో లేదు. తెరచాటు నుంచి మాటలందిస్తూ ప్రాంప్టింగ్ చెప్పిన కుర్రాడి దగ్గర నలిగిపోయిన కాపీ ఉంటుంది చూడు, అందులో ఉంది. రిహార్సల్స్‌లో కొట్టేసినవీ, పక్కన పెన్సిల్‌తో చేర్చినవీ అన్నీ అక్కడే. ఒక పూట కూర్చుని రెండూ పక్కపక్కన పెట్టి చదువు.

నా మొదటి నాటికకు నేనా పని చెయ్యలేదు. తండ్రి పాత్రకు చివర్లో పేజీన్నర డైలాగు రాశాను. ఆ వేషం కట్టినాయన దాన్ని నాలుగు ముక్కలకు కుదించి, కుర్చీలోంచి లేచి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయేవాడు. చప్పట్లు అక్కడే పడేవి. నాకేమో లోపల ఉక్రోషం. పుస్తకం వేసేటప్పుడు నా పేజీన్నర మళ్లీ పెట్టేశాను. మూడేళ్ల తర్వాత వేరే జిల్లా నాటక సమాజం వాళ్లు ఆ పుస్తకం చూసి ఆడుతుంటే పనిగట్టుకుని వెళ్లాను. ఆ డైలాగు మొదలవగానే ముందు వరసలో ఒకాయన లేచి టీకి వెళ్లాడు, వెనకే మరో ఇద్దరు. చెప్పుల సంగతి పుస్తకంలో లేదు, పాపం వాళ్లకెలా తెలుస్తుంది?

అలాగని స్టేజీ మీద జరిగిందల్లా అచ్చుకెక్కించకు. హాస్యనటుడు ఆ ఊరి బస్టాండు మీద విసిరిన జోకు ఆ రాత్రితోనే సరి. అనుమానమొచ్చిన డైలాగు తీసేసి ముందూ వెనకా కలిపి పైకి చదువు. అతుకు తెలియకపోతే అది పోయినా నష్టం లేదు.

ఎంత చూసినా ఏదో మిగిలిపోతుందిలే. 'కన్యాశుల్కం' విజయనగరంలో ఆడింది 1892లో, అచ్చయింది 1897లో. అయినా గురజాడ ఊరుకోలేదు, బాగా పెంచి, మార్చి 1909లో మళ్లీ వేశాడు. మనం ఇవాళ చెప్పుకునే మధురవాణి ఆ రెండో కూర్పులోది. నీ ప్రతి ఒకటి విడిగా ఉంచుకుని తోచిన మార్పులు అందులోనే రాస్తూ ఉండు.

రంగ సూచనలు మాత్రం ఇప్పుడే సరిచూడు. కుడి అంటే నటుడి కుడా, ప్రేక్షకుడి కుడా? మొదట్లోనే చెప్పెయ్. నేను చెప్పకపోబట్టి, వీధిలోంచి రావాల్సిన పోస్టుమాన్ ఓ ప్రదర్శనలో వంటింట్లోంచి వచ్చాడు! పాత్రల వయసులు, కావలసిన సామాను, ఆడటానికి పట్టే నిమిషాలు ముందు పేజీలోనే ఉండాలి. సమాజాల వాళ్లు పుస్తకం తెరవగానే చూసేది ఆడపాత్రలెన్ని అని. నవ్వకు, వాళ్ల ఖర్చు లెక్క అక్కడే మొదలవుతుంది. మొదటి ప్రదర్శన తేదీ, ఊరు, నటుల పేర్లు వెయ్యి. లైట్లు, మేకప్, సంగీతం చూసినవాళ్లవీ వెయ్యి.

"రచయిత అనుమతి లేనిదే ప్రదర్శించరాదు" అని ఫోన్ నంబరుతో సహా వేసుకో, కానీ దాని మీదే భరోసా పెట్టుకోకు. టికెట్ లేకుండా ఔత్సాహిక సంఘం ఆడితే కాపీరైట్ చట్టంలోనే మినహాయింపు ఉంది. మన పరిషత్తుల్లో టికెట్ ఎక్కడిది? అడక్కుండా ఆడుతున్నారని తెలిస్తే కోపం దిగమింగుకుని వెళ్లి చూడు. నీ పేరు తీసేసి ఆడితే మాత్రం ఊరుకోకు.

కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై కన్నెమరా గ్రంథాలయానికీ ప్రతులు పంపాల్సింది ప్రచురించినవాళ్లే. 1954 నుంచీ చట్టం ఉంది. పంపారో లేదో గుచ్చి గుచ్చి అడుగు. నా మొదటి పుస్తకం ఇప్పుడు నా దగ్గరే లేదు.

ఆవిష్కరణ ఏప్రిల్ 16న అన్నావు. కందుకూరి పుట్టినరోజు, తెలుగు నాటకరంగ దినోత్సవం, బాగానే ఉంది. కానీ ఆ రోజు నాటకాల వాళ్లందరికీ ఎక్కడో ఒకచోట సభ ఉంటుంది. వారం ముందు పెట్టుకో. వక్తలు ఇద్దరు చాలు. నాటకం పుస్తకం ఆవిష్కరిస్తూ ఒక్క డైలాగూ వినిపించకుండా రెండు గంటలు శాలువాలు కప్పుకున్న సభలు చూసి చూసి విసిగిపోయాను. మీ నటుల్ని వరసగా కుర్చీల్లో కూర్చోబెట్టి, పుస్తకం చేతికిచ్చి ఒక దృశ్యం చదివించు. మేకప్పూ వద్దు, సెట్టూ వద్దు. మొదటి ప్రతి ఆ ప్రాంప్టింగ్ కుర్రాడికివ్వు.

ప్రూఫులు నాకు పంపు. కళ్లజోడు మొన్ననే మార్చాను.

మీ మాస్టారు