‘యెనూఫా’ ఒపెరా చూసే ముందు మూల నాటకం గురించి ఎంత తెలిసి ఉండాలి?

లెయోష్ యానాచెక్ చెక్ భాషలో రాసిన విషాదాంత ఒపెరా ‘యెనూఫా’ చూడబోతున్నారనీ, ఆ భాష రాని మనం దాని మూల నాటకం సంగతి తెలియకుండా వెళితే ఏమైనా కోల్పోతామా అనీ అడిగారు. ఉద్యోగరీత్యా చెక్ దేశంలోని బ్ర్నో నగరంలో ఉన్న రోజుల్లో అక్కడి యానాచెక్ నాటకశాలలో ఈ ఒపెరాను ఒకటికి మించిన సార్లు చూశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: నాటకమంతా చదవనక్కరలేదు గానీ, అందులోని కొస్టెల్నిచ్కా అనే పాత్ర పూర్వకథ మాత్రం తప్పక తెలుసుకొని వెళ్ళండి.

ఆమె యెనూఫాకు సవతి తల్లి, వితంతువు, ఊరి ప్రార్థనా మందిరం బాగోగులు చూసే మనిషి. మిల్లు యజమాని ష్టెవా సైన్యంలో చేరాల్సిన గండం తప్పించుకున్న సంబరంలో తాగి వస్తే, ఏడాదిపాటు మందు ముట్టకుండా ఉంటేనే యెనూఫాతో పెళ్ళి జరుగుతుందని ఊరందరి ముందూ తేల్చి చెబుతుంది. యెనూఫా అప్పటికే ష్టెవా వల్ల గర్భవతి అని ఆమెకు తెలియదు. వేదిక మీద ఇంతవరకే చూసినవారికి ఆమె ఉత్త కఠినురాలిగా కనిపిస్తుంది. రచయిత్రి గాబ్రియేలా ప్రైసొవా 1890లో ప్రాగ్‌లో ప్రదర్శింపజేసిన నాటకంలో మాత్రం ఆమె తన కాపురం సంగతి చెప్పుకుంటుంది. ఆమె భర్త కూడా ష్టెవా కుటుంబంవాడే, బంగారు రంగు జుట్టుతో చూడచక్కనివాడే, తాగి ఆస్తి తగలేసి ఆమెను కొట్టినవాడే. 1904 జనవరి 21న బ్ర్నోలో ఒపెరా తొలిసారి ప్రదర్శించినప్పుడు ఈ వృత్తాంతానికి ఒక పాట ఉండేది. 1908లో స్వరలిపి అచ్చయ్యేనాటికి యానాచెకే దాన్ని తీసివేశారు. కథనం వేగం కోసం చేసిన పని కావచ్చు గానీ, ఆ స్త్రీకి అది అన్యాయమేనని నా అభిప్రాయం.

రెండో సంగతి, ఇందులో పద్యం లేదు. ప్రైసొవా వచనంలో రాసిన సంభాషణలనే యానాచెక్ కుదించి, ఛందస్సులోకి మార్చకుండా నేరుగా స్వరపరిచారు. మనుషులు మాట్లాడేటప్పుడు గొంతులో పలికే ఎగుడుదిగుళ్ళను వీధుల్లో విని స్వరాలుగా రాసుకోవడం ఆయనకు అలవాటు. మన పద్యనాటకంలో నటుడు రాగం తీస్తున్నంతసేపు కథ ఆగి మనకోసం ఎదురుచూస్తుంది. ఇక్కడ అలా ఆగదు, వన్స్‌మోర్ అనడానికి చోటు దొరకదు. మొదట్లో వెలితిగా అనిపించినా, రెండో అంకానికి వచ్చేసరికి ఆ పద్ధతి బలం తెలుస్తుంది.

ఆ అంకం అంతా శీతకాలంలో, కొస్టెల్నిచ్కా ఇంటిలోని ఒక గదిలో జరుగుతుంది. బిడ్డ పుట్టి ఎనిమిది రోజులైంది. యెనూఫాకు మత్తుమందు తాగించి నిద్రపుచ్చిన తరువాత, కొస్టెల్నిచ్కా ష్టెవా ముందు మోకరిల్లి బ్రతిమాలుతుంది. అతడు డబ్బు ఇస్తానంటాడే తప్ప పెళ్ళికి ఒప్పుకోడు. యెనూఫాను ప్రేమించి, అసూయతో ఆమె చెంపను కత్తితో కోసిన లత్సా ఆమెను చేసుకుంటానంటాడు గానీ బిడ్డ మాట వినగానే తడబడతాడు. బిడ్డ చనిపోయాడని అతనితో అబద్ధమాడి పంపించిన క్షణం నుంచీ కొస్టెల్నిచ్కా దాన్ని నిజం చేయక తప్పని స్థితిలో పడుతుంది. ఒంటరిగా మిగిలాక పరలోకం దక్కకుండా పోతుందన్న భయం, ఊరు వేలెత్తి చూపుతుందన్న భయం ఆమె గొంతులో పెనుగులాడతాయి; చివరికి తన పేరునే పదేపదే పలుకుతూ, ఊరివాళ్ళ వెక్కిరింత తన నోటనే వినిపిస్తూ, బిడ్డను శాలువాలో చుట్టుకొని నదివైపు పరుగెడుతుంది. వెంటనే యెనూఫా మేలుకొనేటప్పుడు ఒంటరి వయొలిన్ వినబడుతుంది. బిడ్డను మిల్లులోవాళ్ళకు చూపించడానికి తీసుకెళ్ళి ఉంటుందనుకొని ఆమె మరియమాతను ప్రార్థిస్తుంది. ఏం జరిగిందో తెలిసిన ప్రేక్షకులు ఆ ప్రార్థనను పూర్తిగా వినవలసి వస్తుంది. నేను చూసిన నాటకాల్లో దీనికి సాటి రాగల ఘట్టాలు చాలా తక్కువ.

బ్ర్నో ఉన్న మొరావియా ప్రాంతంలో నిజంగా జరిగిన రెండు ఘటనలను ప్రైసొవా కలిపి కథ అల్లారు. వాటిలో ఒకదానిలో యెనూఫా పాత్రకు మూలమైన యువతి కూడా శిశుహత్యలో పాలుపంచుకుంది. నాటకంలో రచయిత్రి యెనూఫాను నిర్దోషిని చేశారు. మూడో అంకంలో మంచు కరిగి శిశువు బయటపడినప్పుడు, నేరం ఒప్పుకున్న సవతి తల్లిని యెనూఫా క్షమించగలగడం ఈ మార్పు వల్లనే సాధ్యమైంది. నీకన్నా నన్నే ఎక్కువగా ప్రేమించుకున్నానని కొస్టెల్నిచ్కా అక్కడ అంటుంది. ఆమె పూర్వకథ తెలిసినవారికి ఆ మాట పూర్తి బరువుతో తగులుతుంది.

రికార్డింగు వినాలనుకుంటే అది ఒపెరా ఏ పాఠమో (ఏ వెర్షనో) చూసుకోండి. ప్రాగ్ జాతీయ నాటకశాలలో ఒపెరా అధిపతి కారెల్ కొవార్జొవిత్స్ ఏళ్ళ తరబడి దీన్ని నిరాకరించి, 1916లో వాద్యరచన మార్చి, కోతలు పెట్టి ప్రదర్శించారు; దశాబ్దాలపాటు అదే చలామణి అయింది. యానాచెక్ స్వంత పాఠాన్ని తిరిగి నిలబెట్టిన వాద్యబృంద నిర్వాహకుడు చార్లెస్ మాకెరాస్ 1982లో వియన్నా ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందంతో చేసిన రికార్డింగును ఎంచుకొని, అనువాదం పక్కన పెట్టుకొని ముందుగా రెండో అంకం వినండి.