కళా సందేహాలు: మగ్గం నుంచి చిత్రానికి, శిల్పానికి

ప్రశ్న: మాది బరంపురంలో తరతరాలుగా పట్టు నేసే తెలుగు కుటుంబం. నేను చిత్రలేఖనంలో డిగ్రీ చదువుతున్నాను. మా చీరల కుంభం అంచును కాన్వాసు మీద పెద్దదిగా వేసి చూపిస్తే, అది అలంకరణే తప్ప చిత్రం కాదని మా అధ్యాపకులు అన్నారు. నేటి చిత్రకారులు నేత నుంచి నిజంగా నేర్చుకున్నది ఏమైనా ఉందా?
– ఒక విద్యార్థిని, బరంపురం

జవాబు: మీ అధ్యాపకుల మాట కటువుగా ఉన్నా కొట్టిపారేయదగినది కాదు. అంచులోని బొమ్మను ఎత్తి కాన్వాసు మీద దించడం ఒక పని. ఆ బొమ్మ ఎలా పుట్టిందో గమనించి, అదే పద్ధతిలో చిత్రాన్ని కట్టడం మరొక పని. ఇంట్లోనే మగ్గం ఉంది కనుక ఒక పాత చీర అంచును కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూడండి. దూరానికి గుడి శిఖరంలా నునుపుగా వాలిన కుంభం, దగ్గరకు వచ్చేసరికి మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. పడుగు నిలువుగానూ పేక అడ్డంగానూ మాత్రమే నడుస్తాయి కాబట్టి నేతగాడికి వాలుగీత గీసే వీలే లేదు. అంచు రంగు పేక కొన్ని పోగుల మేర చీర ఒంట్లోకి చొచ్చుకువచ్చి, ఒంటి రంగు పేకతో మెలిక వేసుకుని వెనక్కి మళ్లుతుంది. కొన్ని వరసల తరువాత ఆ మళ్లే చోటు కాస్త జరుగుతుంది. అలా జరుగుతూ జరుగుతూ శిఖరం తేలుతుంది. గద్వాల వైపు కోటకొమ్మ అంచు పుట్టేదీ, పేకను అటూ ఇటూ నడిపే నాడెలు మూడు వాడే ఈ నేతలోనే. మీరు ఆ వాలును కుంచెతో ఒక్క ఊపులో లాగేసి ఉంటే, చిత్రంలోకి బొమ్మ వచ్చింది కానీ నేత రాలేదు.

ఈ నిలువు, అడ్డం కట్టుబాటునే తన భాషగా చేసుకున్నవారిలో ముందుగా చెప్పవలసిన పేరు ఆనీ ఆల్బర్స్. 1922లో జర్మనీలోని బౌహౌస్ అనే కళాపాఠశాలలో చేరిన ఆమె, అక్కడ స్త్రీలను ఎక్కువగా నేత విభాగానికే పంపించే ఆనవాయితీ వల్ల, పెద్దగా ఇష్టం లేకుండానే మగ్గం ముందు కూర్చున్నది. ఆ మగ్గమే ఆమెను 1949లో న్యూయార్కు ఆధునిక కళా మ్యూజియం దాకా తీసుకువెళ్లింది. నేత కళాకారులలో అక్కడ ఏకవ్యక్తి ప్రదర్శన దక్కిన మొదటి వ్యక్తి ఆమే. తరువాతి కాలంలో మగ్గం వదిలి ముద్రణచిత్రాలకు మళ్లినప్పుడు కూడా, దారం పోయే దారి, ముడి పడే తీరు ఆమె గీతల్లో మిగిలే ఉన్నాయి.

మన దేశంలో ఈ చర్చ కె.జి. సుబ్రమణ్యన్ లేకుండా సాగదు. బరోడాలో చిత్రకళ బోధించిన ఆయన, 1959 నుంచి 1961 వరకు అఖిల భారత చేనేత బోర్డులో డిజైన్ విభాగం డిప్యూటీ డైరెక్టరుగా పనిచేశారు. చేతిపనికీ కళకూ మధ్య గోడ కట్టని ఆ బోధన ఫలితం ఆయన శిష్యులలో ఒక్కొక్కరిలో ఒక్కో రకంగా కనిపిస్తుంది. వారిలో మనకు బాగా తెలిసినవారు తోట వైకుంఠం. ఆయన తెలంగాణ స్త్రీల బొమ్మల్లో ఎరుపు, పసుపు చదునుగా పరుచుకుని ఉంటే, వాటి పరుగును చీర అంచు కోసి ఆపుతుంది; ఆ అంచును చెరిపి చూస్తే కూర్పు నిలబడదు. హైదరాబాదులో పుట్టి వడోదరలో పనిచేస్తున్న లావణ్య మణి కలంకారీ పద్ధతినే, అంటే ఆ రంగులనూ ఆ బట్టనూ, సమకాలీన చిత్రానికి వాడుకుంటున్నారు. నా సలహా అడిగితే, మీరు కుంభాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టి, గళ్ల కాగితం మీద మెట్ల లెక్కతోనే మీకు నచ్చిన మరేదైనా ఆకారం వేసి చూడండి.

ప్రశ్న: శిల్పమంటే రాయి, కంచు, కొయ్య అని విన్నాము. తాళ్లను ముడివేసి వేలాడదీసినదాన్ని కూడా శిల్పమనడం అతి కాదా?
– ఒక పాఠకుడు, జయపురం (కోరాపుట్ జిల్లా)

జవాబు: కాదు. సుబ్రమణ్యన్ మరొక శిష్యురాలు మృణాళినీ ముఖర్జీ (1949–2015) పని చూస్తే మీ సందేహం సగం తీరుతుంది. రంగు వేసిన జనపనార తాళ్లను మగ్గంతో నిమిత్తం లేకుండా, ముందుగా నమూనా గీసుకోకుండా, ముడి మీద ముడిగా చేత్తోనే వేసుకుంటూ ఆమె మనిషిని మించిన ఎత్తుగల యక్షుల వంటి రూపాలు నిలబెట్టారు. రాతిశిల్పి అక్కరలేనిది తొలిచేస్తాడు. ఇక్కడ ఆకారం ముడులతో పెరుగుతుంది, తన బరువుకు తానే మడత పడుతుంది. ఆ మడతను అదుపులో పెట్టడం ఉలి పట్టడం కంటే సులువని నేను అనుకోను. 2019లో న్యూయార్కులోని మెట్ బ్రాయర్ మ్యూజియంలో ఆమె పనిని పెద్ద ఎత్తున ప్రదర్శించారు.

దీనికి తిరగేసిన ఉదాహరణలూ ఉన్నాయి. ఘనాలో పుట్టిన ఎల్ అనత్సూయి, సీసా మూతల లోహాన్ని సాగగొట్టి రాగి తీగతో కుట్టి, దుప్పటిలా మడతలు పడే గోడశిల్పాలు చేస్తారు. అక్కడ నూలుపోగు ఒక్కటీ ఉండదు. యింకా షోనిబారే అనే బ్రిటిష్-నైజీరియన్ కళాకారుడు గాలికి ఎగిరే గుడ్డ ఆకారాన్ని గట్టి శిల్పంగా పోతపోసి, దాని మీద మనం ఆఫ్రికావి అనుకునే అద్దకం బట్టల ముద్రల రంగులు వేస్తారు. ఆ ముద్రల కథ మరీ చిత్రమైనది: ఇండోనేషియా బాతిక్‌ను డచ్చివారు యంత్రాల మీద అనుకరించి, చివరికి పశ్చిమ ఆఫ్రికాలో అమ్ముకున్న బట్ట అది.

ప్రశ్న: నియమగిరి కొండల్లోని డోంగ్రియా కంధ గిరిజన స్త్రీల కపడగండ శాలువా కుట్టును నా చిత్రాల్లో వాడదలచాను. దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, చట్టం అడ్డుపడుతుందా?
– ఒక డ్రాయింగ్ మాస్టారు, రాయగడ

జవాబు: 2024లో వచ్చిన ఆ గుర్తింపు ప్రధానంగా ఆ పేరుతో అమ్మే సరుకుకు రక్షణ, మీ చిత్రాన్ని కపడగండ అని అమ్మనంత వరకు దాని నుంచి చిక్కు రాకపోవచ్చు. అయితే చట్టం ఊరుకున్నంత మాత్రాన పని ముగియదు. ఆ ఎరుపు, పసుపు, పచ్చ దారాల కొండ ఆకారపు గుర్తులు అన్నదమ్ములకో, మనసైనవారికో ఇవ్వడానికి ఆడపిల్లలు కుట్టేవి. కనుక ఏ ఊరివారి కుట్టు చూసి వేశారో వారిని ముందుగా అడగండి, శాలువాను ధర చెల్లించి కొనండి. ఎవరైనా మీతో కలిసి కాన్వాసు మీద కుడితే కూలి లెక్కతో సరిపెట్టకుండా, వారికి సమ్మతమైతే చిత్రం పక్కన అంటించే చీటీలో మీ పేరున్న అక్షరాల సైజులోనే వారి పేరూ వేయించండి.