ప్రవల్లికకు: పశువుల పాకను ముందుకు తెచ్చుకో

చి. ప్రవల్లికకు మామయ్య ఆశీస్సులు.

డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తి తగ్గిపోయే జబ్బు, ఉన్న పెద్దవాళ్లు పగలు వచ్చి గడిపేలా నువ్వు కట్టబోయే జంతువుల ఆశ్రయం ప్లాను చూశాను. గేటు దాటగానే కుక్కల గదులు పెట్టి, ఆవుల పాకను వెనక మూలకు తోశావు. అది తిరగెయ్యాలి. అక్కడికి రాబోయేది గన్నవరం చుట్టుపక్కల పల్లెల పెద్దవాళ్లు. కుక్కను దగ్గరికి తీసుకునే అలవాటు వాళ్లలో చాలామందికి లేదు, అది గుమ్మం బయట ఉండాల్సిందే. పాడి అలా కాదు. పొద్దున ఏం తిన్నదో చెప్పలేని ముసలమ్మ కూడా వరిగడ్డి దులిపి గాడిలో వేస్తుంది. ఏళ్ల తరబడి చేతులకు పట్టిన పనిని డిమెన్షియా అంత తొందరగా చెరపలేదు. నువ్వు ఫొటోలు పంపిన హోగెవేక్, అదే డిమెన్షియా ఉన్నవాళ్ల కోసం 2009లో నెదర్లాండ్స్‌లో తెరిచిన ఊరు, అక్కడా చేసిందిదే: ఎవరి పాత బతుకు ఎలా ఉండేదో దాన్ని బట్టి ఇళ్లు విడదీశారు. అక్కడున్న సూపర్ మార్కెట్టూ రెస్టారెంటూ మనకెందుకు?

అయితే ఒకటి. మేత వేసిన సంగతి మరిచిపోయి మళ్లీ వేస్తారు. ఎండుగడ్డితో పెద్ద ప్రమాదం లేదు; నూకలూ దాణా ఎక్కువైతే ఆవు ప్రాణం మీదికొస్తుంది. దాణా కొట్టుకు తాళం ఉండాలి. ఫినాయిల్ సంగతీ అంతే. మనవాళ్లు దాన్ని కూల్‌డ్రింకు సీసాల్లో పోసి పెడతారు చూడు, ఆ అలవాటు నీ ఆవరణలో కనబడకూడదు.

కుక్కల గదులు ఎదురెదురుగా గీయకు. ఒకదాన్నొకటి చూస్తూ మొరుగుతాయి, పైన రేకుల కప్పయితే ఆ మోత రెట్టింపు. ఏ చప్పుడు పట్టించుకోవాలో, ఏది వదిలెయ్యాలో ఆ పెద్దవాళ్ల మెదడుకు తేలదు, బెదిరిపోతారు. పొద్దువాలేసరికి ఈ జబ్బుతో చాలామందికి కంగారు పెరుగుతుంది కూడా, అందుకని కుక్కలకు సాయంత్రం తిండి వాళ్లు ఇళ్లకు వెళ్లాకే. నెమ్మదైన, వయసు మళ్లిన కుక్కలు రెండు మూడు మాత్రం వాళ్ల వైపు తిరగనివ్వు. అలసిపోతే వెళ్లి పడుకోవడానికి వాటికో చాటు కావాలి, మనుషులు రాని చోటు.

నేలకు టైల్స్ వద్దు. కాంట్రాక్టరు చవకంటాడు, ఒప్పుకోకు. నున్నటి నేల మెరిస్తే నీళ్లనుకుని ఆగిపోతారు, నల్ల పట్టా పరిస్తే గొయ్యనుకుంటారు. గరుకు సిమెంటు ఒకే రంగులో పోయించు. కడిగిన నీళ్ల కాలవను దారికి అడ్డంగా కాక పక్కనుంచి తియ్యి. దారి ఎక్కడా గోడకు తగిలి ఆగకుండా చుట్టూ తిరిగి పాక దగ్గరికే రావాలి. మరుగుదొడ్డి తలుపు బెంచీ మీంచే కనబడాలి, గోడకంటే కొట్టొచ్చే రంగులో. బయటి గేటుకు మాత్రం, వాళ్ల కంట పడకుండా, గోడ రంగే వేయించు.

రేబిస్ విషయంలో మొహమాటం వద్దు. వీధిలోంచి కొత్తగా తెచ్చిన కుక్కలకు, టీకాలు పూర్తికాని కుక్కపిల్లలకు వేరే గేటు, వేరే గోడ. గీరిందని మన పెద్దవాళ్లు చెప్పలేరు, చెప్పాలని గుర్తే ఉండదు. కాబట్టి బయటికి వెళ్లే చోట కుళాయి, సబ్బు, మంచి వెలుతురు పెట్టు. వాళ్ల చేతులూ కాళ్లూ ఆయమ్మ చూశాకే ఆటో ఎక్కించాలి. గీత కనబడిందా, పదిహేను నిమిషాలు పారే నీళ్ల కింద సబ్బుతో కడిగి, ఆ రోజే టీకాకు తీసుకెళ్లాలి.

మార్చిన ప్లాను పెద్ద కాగితం మీద ప్రింటు తీసి పంపు, ఫోనులో అంకెలు నా కళ్లకు ఆనడం లేదు.

మామయ్య