కువైట్ జీతం ఆగిపోయాక ఇల్లెట్టా గడవాల? - పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా ఆయన కువైట్‌లో షూన్ వీసా (కంపెనీ పనివాళ్ళకిచ్చేది) మీద కంపెనీ డ్రైవరు. 13 ఏళ్ళయింది, జీతం 200 దినార్లు. ఆయనకి 46, నాకు 35. ఇంకో మూడు నాలుగేళ్ళు చేసి వచ్చేస్తా అంటాడు. అక్కడ పెన్షన్ ఏమన్నా ఇస్తారా? మా మరిదేమో ఉన్న డబ్బుతో అన్న పేరున రెండెకరాల చేను కొందాం, లేదంటే రొయ్యల గుంట ఏద్దాం అంటా ఉండాడు. నాకేం పాలుపోటంలా.
- ఒక సోదరి, ఆత్మకూరు

జవాబు: పెన్షన్ లేదమ్మా. కువైట్‌లో మనవాళ్ళకి ఉండేది ఇండెమ్నిటీ ఒక్కటే, అంటే పని మానేసి వచ్చేటప్పుడు ఒకేసారి చేతికిచ్చే డబ్బు. 2010 నాటి అక్కడి లేబర్ చట్టం ప్రకారం నెలజీతగాళ్ళకి మొదటి 5 ఏళ్ళకి ఏడాదికి 15 రోజుల జీతం, ఆ తర్వాత ప్రతి ఏడాదికీ ఒక నెల జీతం లెక్కగడతారు, మొత్తం కలిపి ఏడాదిన్నర జీతం దాటదు. మీ ఆయన లెక్క చూస్తే మొదటి 5 ఏళ్ళకి 75 రోజులు, మిగతా 8 ఏళ్ళకి 8 నెలలు, ఈరోజు మానేసినా 2,100 దినార్లకి తగ్గకూడదు. తనంతట తను రిజైన్ చేసినా 10 ఏళ్ళు నిండినాయి కాబట్టి పూర్తిగా రావాల్సిందే. 10 ఏళ్ళు నిండకుండా రిజైన్ చేసేవాళ్ళకే కోత, అందుకే తొమ్మిదో ఏట కోపమొచ్చి వచ్చేసేవాళ్ళని చూస్తే నాకు చాలా బాధేస్తుంది. ఇంట్లో పనికి ఖాదిం వీసా మీద పోయినవాళ్ళకి చట్టం వేరు, 2015 లో వచ్చింది, వాళ్ళకి ఏడాదికి ఒక నెల జీతం.

ఒక్క మాట మీ ఆయనకి గట్టిగా చెప్పండి. వచ్చే ముందు అరబీలో రాసిన కాగితం మీద సంతకం పెట్టమంటారు, అందులో "నాకు రావాల్సినవన్నీ ముట్టినాయి" అని ఉండొచ్చు, డబ్బు అకౌంట్‌లో పడకుండా, ఆ కాగితం ఎవరిచేతన్నా చదివించుకోకుండా సంతకం పెట్టొద్దు. ఊరికొచ్చేశాక అడగటం చాలా కష్టం, ఏదన్నా పేచీ ఉంటే అఖామా (అక్కడ ఉండటానికిచ్చే పర్మిట్) ఉండగానే అక్కడి లేబర్ ఆఫీసులోనో మన ఎంబసీలోనో చెప్పుకోవాలి.

ఇంక చేను సంగతి. మీ ఆయన ఇప్పుడు ఎన్నారై కిందికొస్తాడు, ఎన్నారైలు పొలం కొనకూడదని ఫెమా చట్టం (విదేశీ డబ్బు లావాదేవీల చట్టం), తాతల ఆస్తి వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు గానీ కొత్తగా కొనటానికి లేదు. ఇల్లు, ఇళ్ళ స్థలం కొనొచ్చు. మీరు ఊళ్ళోనే ఉంటున్నారు కాబట్టి కొనేపనైతే మీ పేరునే రాయించండి, మరిది పేరున వద్దు, ఎంత మంచి మనిషైనా సరే. రొయ్యల గుంట గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తా, 13 ఏళ్ళు ఎండలో బండి తోలిన డబ్బు తెల్లమచ్చ వైరస్ వస్తే ఒక్క పంటలో పోతుంది, ముసలితనానికి దాచుకున్న డబ్బు దాంట్లో పెట్టొద్దు.

ఆయన పాత సేవింగ్స్ అకౌంట్‌కే డబ్బు పంపిస్తా ఉంటే బ్యాంకుకి పోయి దాన్ని ఎన్ఆర్ఓ (ఎన్నారైకి ఇక్కడొచ్చే ఆదాయం వేసుకునే అకౌంట్) చేయించాలి, కొత్తగా ఎన్ఆర్ఈ (అక్కడి సంపాదన పంపుకునే అకౌంట్) తెరిపించాలి. ఎన్ఆర్ఈ డిపాజిట్ వడ్డీకి ఇక్కడ ట్యాక్స్ ఉండదు, ఎన్ఆర్ఓ వడ్డీలో 30 శాతం పైగా కోసేస్తారు. మీకు 35 కాబట్టి, ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టేవాళ్ళు కాకపోతే, అటల్ పెన్షన్‌లో చేరొచ్చు, 40 దాటితే తీసుకోరు. నెలకి 902 కడితే 60 నుంచి నెలకి 5,000, మీ తర్వాత ఆయనకీ అంతే వస్తుంది. పాతికేళ్ళ తర్వాత ఐదువేలు ఏ మూలకి అంటారేమో, నిజమే, అందుకే ఆయన చేత ఎన్ఆర్ఈ అకౌంట్ నుంచి ఎన్‌పీఎస్ (నేషనల్ పెన్షన్ స్కీము) కూడా కట్టించండి, ఎన్నారైలకీ ఉంది. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీము మాత్రం ఆయన తిరిగొచ్చి 60 నిండాకే.

ప్రశ్న: నేను రిటైర్డ్ హెడ్మాస్టర్ని, ట్రెజరీ పెన్షన్. నేనూ మా ఆవిడా డాలస్‌లో అమ్మాయి దగ్గరకి పోతున్నాం, ఆరు నెలలుంటాం. అక్కడుంటే పెన్షన్ ఆపేస్తారని మా వాళ్ళంటున్నారు.
- కావలి

జవాబు: విదేశంలో ఉన్నందుకు ఆపరు మాస్టారూ, లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వకపోతేనే ఆపుతారు, ఇచ్చాక ఆగిన నెలలవి కూడా కలిపి వేస్తారు. మీ సబ్ ట్రెజరీలో ఈసారి గడువు ఎప్పుడో కనుక్కోండి, సెంట్రల్ పెన్షనర్లకి చెప్పే నవంబరు చూసి మీరు పొరపాటు పడొద్దు. గడువు మీరు అక్కడున్నప్పుడే పడితే జీవన్ ప్రమాణ్‌లో (ఆన్‌లైన్‌లో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి) ఫోన్‌తో ముఖం చూపించి ఇవ్వొచ్చు, కుదరకపోతే కాన్సులేట్‌లో సంతకం చేయించి ట్రెజరీకి పంపొచ్చు, టెక్సాస్ హ్యూస్టన్ కాన్సులేట్ కిందికొస్తుంది. ఎక్కువమంది దెబ్బతినేది చిన్న విషయం దగ్గర, ఆధార్‌కీ బ్యాంకుకీ ఇచ్చిన సిమ్ రీచార్జ్ లేక చచ్చిపోతే ఓటీపీలు రావు, కాబట్టి ఆ సిమ్‌కి రోమింగ్ వేయించుకుని దగ్గరే పెట్టుకోండి. పోయేముందే పీపీఓలో (పెన్షన్ మంజూరు కాగితంలో) మీ ఆవిడగారి పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోయినాయో లేదో చూసుకోండి, రేపు ఫ్యామిలీ పెన్షన్‌కి అదే అడుగుతారు. ఈహెచ్ఎస్ కార్డు (ఉద్యోగులు, పెన్షనర్ల వైద్యం కార్డు) అక్కడ పనికిరాదు, బీపీ షుగర్ దాచకుండా చెప్పి ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి.

ప్రశ్న: షికాగోలో 8 ఏళ్ళు సాఫ్ట్‌వేర్ చేశాను, వచ్చే ఏడాది ఒంగోలు వచ్చేస్తున్నా. నా 401కే, సోషల్ సెక్యూరిటీ ఏమవుతాయి?

జవాబు: 401కే (అక్కడి కంపెనీ ద్వారా దాచుకునే రిటైర్మెంట్ ఫండు) వెంటనే తీసేయొద్దు తమ్ముడూ, 59న్నర ఏళ్ళు నిండకముందు తీస్తే మామూలు ట్యాక్స్ మీద ఇంకో 10 శాతం పోతుంది. కంపెనీ ప్లాన్‌లో వద్దనుకుంటే అక్కడ అడ్రస్ ఉండగానే ఐఆర్ఏ (సొంత రిటైర్మెంట్ అకౌంట్) లోకి మార్చుకో. ఇక్కడికొచ్చాక మొదట్లో ఆర్ఎన్ఓఆర్ హోదా (విదేశం నుంచి తిరిగొచ్చినవాళ్ళకి ట్యాక్స్ లెక్కలో కొన్నాళ్ళు ఉండే హోదా) ఉన్నన్నాళ్ళు అక్కడి ఆదాయానికి ఇక్కడ ట్యాక్స్ పడదు, ఆ తర్వాత ఆ అకౌంట్‌లో ఏటా పెరిగేదానికి కాకుండా తీసినప్పుడే ట్యాక్స్ కట్టేటట్టు 2021 బడ్జెట్‌లో వెసులుబాటు ఇచ్చారు, దాని ఫామ్ రిటర్న్ గడువులోపే వెయ్యాలి. సోషల్ సెక్యూరిటీకి (అమెరికా ప్రభుత్వ పెన్షన్‌కి) 40 క్రెడిట్లు, అంటే పనిచేసిన కాలానికి వేసే పాయింట్లు కావాలి, ఏడాదికి నాలుగే కాబట్టి నీకు 32 ఉంటాయి, ఇండియాకీ అమెరికాకీ ఒప్పందం లేదు గనక ఇక్కడి పీఎఫ్ సర్వీసు దానికి కలవదు. అయినా ఆ 32 ఎక్కడికీ పోవు, ఎప్పుడన్నా మళ్ళీ రెండేళ్ళు అక్కడ పనిచేస్తే 62 నుంచి ఒంగోల్లో కూర్చునే తీసుకోవచ్చు, సిటిజన్ కాకపోతే మాత్రం అందులో 25.5 శాతం ముందే పట్టుకుంటారు. వచ్చేముందు ఎస్ఎస్ఏ (సోషల్ సెక్యూరిటీ ఆఫీసు) వెబ్‌సైట్‌లో నీ స్టేట్‌మెంట్ డౌన్‌లోడ్ చేసి, 8 ఏళ్ళ జీతాలూ సరిగ్గా ఎక్కినాయో లేదో చూసుకో.