గుడ్లు తొక్కక్కర్లేదండి, పక్కన నిలబడితే చాలు

పక్షులు గుడ్లు పెట్టే టైంలో ఇసుక దిబ్బల మీదికి జనాన్ని అస్సలు దిగనివ్వకపోవడం మరీ ఎక్కువ కదా, ఏమీ ముట్టుకోకుండా చూసొస్తే ఏం పోతుంది అని మీలో కొందరు అడిగారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. మాది తాళ్ళరేవు వైపు. ఓసారి మే నెలలో మావయ్య బోటులో గోదారి సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేట మీద దిగాం, క్యారేజీలు విప్పుకుని తిన్నాం, చిన్న తెల్ల పిట్టలు, టెర్న్ అంటారు వాటిని, అరుచుకుంటూ తల మీదికి దూసుకొస్తుంటే భలే ఉందని వీడియోలు తీసుకున్నాం. గంటన్నర అలాగే ఉన్నాం. బయల్దేరేటప్పుడు మావయ్య "కదలకురా" అని నా కాలి దగ్గర చూపించాడు. గూడూ లేదు, పుల్లా లేదు, ఇసుకలో చిన్న గుంట, అందులో రెండు గుడ్లు, అచ్చం ఇసుక రంగే, మీద గోధుమరంగు మచ్చలు. జానెడు దూరంలో నా చెప్పు అచ్చు.

ఆ పక్కన ఇసుక మీద చెయ్యి ఆనించలేకపోయానండి, అంత కాలిపోతోంది. ఎండాకాలంలో తల్లి కూర్చునేది వెచ్చదనం కోసమే కాదు, నీడ కోసం కూడా, నీళ్ళలో పొట్ట తడుపుకొచ్చి మరీ గుడ్లని చల్లబరుస్తుంది. మేమున్నంతసేపూ అది గాల్లోనే ఉంది. పైగా మా మెతుకులకి వచ్చిన కాకులు మేం వెళ్ళినా అక్కడే ఉండిపోయాయి. ఆ రెండు గుడ్లూ ఏమయ్యాయో ఇప్పటికీ గుర్తొస్తూనే ఉంటుంది.

గుడ్డు పిల్లవ్వడానికి మూడు వారాలు, పిల్ల ఎగరడానికి ఇంకో మూడు వారాలు పడుతుంది, అంతే. చేపలు గుడ్లు పెట్టుకోవాలని ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఆపుతున్నాం, పొట్టకూడు పోతున్నా ఆపుతున్నాం, మరి పిక్నిక్ ఆపలేమా? గాలికి బోటు లాగుకోవాల్సిన మత్స్యకారులకి మాత్రం ఒక చివర దారి వదలాలి, కాపలాకీ వాళ్ళనే పెట్టాలి, ఏ పిట్ట ఎక్కడుందో వాళ్ళకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. కుక్కల్ని బోటెక్కించకూడదు. కాకినాడ ఎదురుగా సముద్రంలో ఉన్న హోప్ ఐలాండ్ వైపు తాబేళ్ళు గుడ్లు పెట్టే జనవరి నుంచి మార్చి దాకా రాత్రిళ్ళు టార్చిలైట్లు కూడా వద్దు, ఆ వెలుగుకి తల్లి బెదిరి వెనక్కెళ్ళిపోతుంది.

పక్షుల్ని చూడాలనుంటే చలికాలంలో కోరంగి మడ అడవులకి రండి, ఆటుకి నీళ్ళు వెనక్కి తీసినప్పుడు బురద మేటల మీద బోలెడు వాలతాయి, బోటు దిగకుండానే చూడొచ్చు.